ఎర్రచుక్క కంచం

నా పేరు నాంచారమ్మ. వయసు డెబ్బై దాటి ఐదారేళ్ళు అయి ఉంటుంది, రాసిపెట్టిన వాళ్ళు లేరు. విజయవాడ వన్ టౌన్‌లో, కింద ఉల్లిపాయల గోడౌన్ ఉన్న మేడమీద ఇంట్లో, కొడుకు ఏడుకొండలు, కోడలు రమణ, మనవరాలు లిఖితతో ఉంటున్నాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే లిఖిత ఫోన్‌లో రాస్తోంది. ఒక్క మాట మార్చినా ఊరుకోనని ముందే చెప్పాను.

మా చిన్నప్పుడు... సముద్రం దగ్గర మా ఊళ్ళో నాకు అమ్మవారు పోసింది. ఒళ్ళంతా పొక్కులు. మా అమ్మ మూలన చాప వేసి, వేపాకుల మీద నన్ను పడుకోబెట్టి, నా మంచినీళ్ళకు విడిగా ఒక మట్టి ముంత పెట్టింది. తమ్ముళ్ళను గడప దాటి రానిచ్చేది కాదు. విడిగా పెట్టడం మాకూ తెలుసండీ...

కానీ తగ్గాక, తలకు నీళ్ళు పోసిన రోజున ఏం చేసిందనుకున్నారు? అందరినీ చుట్టూ కూర్చోబెట్టి, దాకలోనే అన్నంలో చేపల పులుసు కలిపి, మొదటి ముద్ద నా చేతిలో పెట్టింది.

"వచ్చేసిందిరా మీ అక్క. ఇంక జరిగి కూర్చోండి!" అని తమ్ముళ్ళను కసిరింది.

ఆ ముంతను పట్టుకెళ్ళి కాలవ గట్టున పగలగొట్టింది. జబ్బు పోయాక ముంత ఉండకూడదు. అదీ మా పద్ధతి.

ఇప్పుడు కరోనా వచ్చిన ఏడు సంగతి వినండి.

దసరా రోజులు... దుర్గమ్మ కొండకు వెళ్ళే జనం పలచబడ్డారు. మా వీధిలో తోపుడు బండి చప్పుడే లేదు. ఇంట్లో మాత్రం కడుగుడే కడుగుడు. పాల ప్యాకెట్‌కు స్నానం, కొత్తిమీర కట్టకు స్నానం. పొద్దున కషాయం, సాయంత్రం కషాయం, మధ్యలో పసుపు నీళ్ళ ఆవిరి. నాలుక మీద చేదు, ముక్కులో స్పిరిట్ కంపు.

అన్నిటికన్నా రోత ఏమిటంటే, మా చెల్లెలు పంపిన ఎండు మెత్తళ్ళను కోడలు అంట్లు తోమే సబ్బుతో కడిగింది! గంప మోసి, చేపలు అమ్మి కొడుకును పెంచినదాన్ని నేను. నాకా ఈ ఖర్మ? వంకాయ వేసి పులుసు పెడితే ఇల్లంతా నిమ్మకాయ సబ్బు వాసన. నోట్లో పెట్టుకుని ఊసేశాను.

"ఏమే రమణా, చేపకి సబ్బేంటే? పెళ్ళికి తీసుకెళ్తున్నావా?"

"బయట్నుంచి వచ్చింది కదత్తయ్యా! ఎవరెవరు ముట్టుకున్నారో ఏంటో!"

"ఉప్పులో ఊరి, ఎండలో ఎండినదాని మీద ఏ పురుగు బతుకుద్దే?"

ఆ వారమే నాకు జ్వరం తగిలింది. టెస్టులో ఏమీ లేదన్నారు. అయినా పద్నాలుగు రోజులు వెనక గదిలో ఉండమన్నాడు కొడుకు. సరేనన్నాను. అందరి వాటిల్లో కలిసిపోకుండా నా కంచం అంచున గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెట్టారు. గుమ్మం దగ్గర స్టూలు మీద అన్నం పెట్టి, తలుపు తట్టి వెళ్ళిపోయేవారు. తిని, నేనే కడిగి, కిటికీలో బోర్లించేదాన్ని.

పద్నాలుగు రోజులూ అయ్యాయి. తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని మంచం మీద కూర్చున్నాను... ఎవరన్నా రమ్మంటారని. తలుపు చప్పుడైంది. తీసి చూస్తే, స్టూలు మీద కంచం.

"ఇంకొన్నాళ్ళు ఉండమ్మా," అన్నాడు కొడుకు, టీవీ మీద నుంచి చూపు తిప్పకుండా.

ఆ ఇంకొన్నాళ్ళు ఇంకా అవలేదండీ! కరోనా పోయింది. మూతిగుడ్డలు పోయాయి. శానిటైజర్ సీసాలో ఇప్పుడు కొబ్బరినూనె పోసుకున్నారు. పెళ్ళిళ్ళకు వెళ్ళి, ఊరూ పేరూ తెలియనివాళ్ళు పట్టుకున్న గరిటెలు పట్టుకుని వడ్డించుకు తింటున్నారు. నా కంచం మాత్రం ఎర్రచుక్కతో కిటికీలోనే ఉంది. నా అన్నం స్టూలు మీదకే వస్తోంది. ఛీ... ఆ రోగమే నయం, పొమ్మంటే పోయింది.

మొన్న కోడలిని అడిగాను.

"అలవాటైపోయిందత్తయ్యా. మీకూ ప్రశాంతంగా ఉంటదని..."

"ప్రశాంతం నాకిప్పుడెందుకే? పోయాక బోలెడంత ఉంటది!"

నవ్వింది. నవ్వుతూనే స్టూలు జరిపి కంచం పెట్టింది.

చిన్నప్పుడు అమ్మతో చేపల గంప పట్టుకుని ఊళ్ళు తిరిగేటప్పుడు, దాహమంటే కొన్ని ఇళ్ళవాళ్ళు అరుగు మీద నుంచి మా దోసిట్లోకి నీళ్ళు ఎత్తి పోసేవారు. చెంబు చేతికి ఇచ్చేవారు కాదు. తల వంచుకుని తాగేవాళ్ళం. అది వాళ్ళ ఇల్లు. మరి ఇది నా ఇల్లు కదా...

నిన్న పొద్దున చేపల కత్తి తీసుకుని ఆ చుక్కను గీకేశాను. స్టీలు కంచం, ముంతలాగా పగలదు. వంటింటి స్టాండులో అందరి కంచాల మధ్యా పెట్టేశాను. మధ్యాహ్నం కోడలు నాలుగింటినీ తిప్పి తిప్పి చూసింది. నాదేదో తెలియలేదు. ఎవరి కంచంలో ఎవరు తిన్నారో ఏమో, ఎవరికీ తుమ్ము కూడా రాలేదు. అయినా స్టూలు మాత్రం వచ్చింది.

కాబట్టి నేను అడిగేది ఇది. ఈ ఆదివారం నేను తలంటుకుంటాను. పులుసు నేనే పెడతాను. నా కొడుకు ఏడుకొండలు అందరి ముందూ గిన్నెలో అన్నం కలిపి, మొదటి ముద్ద తన చేత్తో నా చేతిలో పెట్టాలి. ఆ తర్వాత స్టూలును వాడే పగలగొట్టాలి. వాడు నా మొహం చూడడు కానీ ఫోన్ చూస్తాడు. అందుకే ఇందులో రాయిస్తున్నాను.

ఆ రోజుల్లో జబ్బు పోయిందని చెప్పడానికి ఒక ముద్ద ఉండేది... ఇప్పుడు పొమ్మనడానికి రోజులు లెక్కేస్తారు, రమ్మనడానికి ఒక్క మాట లేదు. మీ ఇళ్ళలోనూ ఏ కంచమన్నా కిటికీలో మిగిలిపోయిందేమో లేచి చూడండి. జబ్బు తగ్గాక మీ అమ్మలు మిమ్మల్ని ఎలా పిలిచేవారో కింద రాయండి. లిఖిత చదివి వినిపిస్తుంది.

నాంచారమ్మ వేలిముద్ర (కాగితం మీద వేసింది, ఫోటో కింద ఉంది)

సాక్షులు:
పక్క వాటా మస్తానమ్మ. స్టూలును రోజూ చూస్తూనే ఉన్నాను.
మనవరాలు లిఖిత. ఆ గోళ్ళరంగు నాది.