బావ బాబిన్ల తొట్టి

పోయిన నెల కోయంబత్తూరు గాంధీపురంలో బస్సు కోసం నిలబడి, ఎండకు తాళలేక పక్కనున్న రంగు చేపల దుకాణం నీడలోకి జరిగాను. లోపల ఒక పెద్దమనిషి, తొట్టి నీళ్లు వడకట్టే పింగాణీ ఉంగరాల పొట్లం చేతిలో పట్టుకుని, వీటిని నెలనెలా సబ్బుతో కడగవచ్చా అని అడుగుతున్నాడు. దుకాణదారు దణ్ణం పెట్టినంత పని చేశాడు. నీళ్లను బాగుచేసే సూక్ష్మజీవులు వాటి మీదే ఉంటాయనీ, కడిగితే అవి చస్తాయనీ, ఆ వెనకే చేపలూ చస్తాయనీ అరవంలో ఓపిగ్గా చెప్పాడు. నా బస్సు వచ్చి వెళ్లిపోయింది. అతను చెప్పింది నాకు కొత్త సంగతి కాదు. సుమారు ముప్పై ఏళ్ల కిందట మా బావ ఇదే మాట, ఇంతకంటే తక్కువ ముక్కల్లో చెప్పాడు. మా చుట్టాల్లో ఇప్పటికీ బావను తలుచుకుంటే ముందు వచ్చే మాట, ఇటుకముక్కలు వేసి చేపల్ని చంపుకున్నాడని. ఆ పేరు ఆయనది కాదు, నాకు రావలసింది. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

బావ అంటే మా అక్క భర్త. కోయంబత్తూరులో నూలు మిల్లు పని. నేనూ మరో మిల్లులోనే కొత్తగా చేరి, అక్క ఇంట్లోనే ఉండేవాణ్ణి. బావ పనిచేసే మిల్లు మూతపడ్డాక ఆయన మిల్లు కూత లేకుండానే షిఫ్టు వేళకు లేచి, ముఖం కడుక్కుని, చొక్కా తొడుక్కుని, ఎక్కడికి పోవాలో తోచక గుమ్మంలో కూర్చునేవాడు. అక్క కాఫీ గ్లాసు పక్కన పెట్టి వెళ్లిపోయేది. అలా కొన్ని నెలలు గడిచాక ఒకరోజు పాత ఇనుప కొట్టు నుంచి ఫ్రేము ఒకటి మోసుకొచ్చాడు. దానికి అద్దాలు బిగించి ఆరడుగుల తొట్టి చేశాడు. అది ముందుగదిలో చేరేసరికి మంచం వంటింట్లోకి వెళ్లింది. రాత్రి కాళ్లు చాపితే పప్పు డబ్బాలు తగిలేవి.

తొట్టి ఎవరైనా చేస్తారు. అంత పెద్ద తొట్టిలో నీళ్లు చెడకుండా ఉంచడమే కష్టం. దుకాణాల్లో అమ్మే వడపోత సామాను బావకు అందేది కాదు. అందుకని మూత ఉన్న పెద్ద బక్కెట్టు ఒకటి తెచ్చి, అడుగున బెజ్జాలు పొడిచి, తొట్టి పైన బల్ల మీద కూర్చోబెట్టాడు. చిన్న మోటారు నీళ్లను ఎక్కిస్తే, పైన దూది పొర, దాని కింద నాటు ఇటుకముక్కలు, అన్నిటికంటే కింద అంగుళమంత ముక్కలుగా కోసిన, నూలు చుట్టే మిల్లు బాబిన్లు; వీటి గుండా దిగి నీళ్లు మళ్లీ తొట్టిలోనే పడేవి. ఆ పాత ప్లాస్టిక్ బాబిన్లు తుక్కు కొట్టులో గోనెల కొద్దీ పడి ఉండేవి. జిడ్డంతా పోయేదాకా వాటిని వేడినీళ్లలో వారం రోజులు ఉడికించాడు. ఎదురింటి అవ్వ రోజూ వచ్చి నిలబడి చూసేది.

"ఏమప్పా, చేపలకు బాబిన్ ఇచ్చినావే, ఏ షిఫ్టుకు వస్తాయి అవి?"

"నైట్ షిఫ్టవ్వా. పగలు నీ మాదిరి పెద్దోళ్లను చూసి బెదురుకుంటుండాయి."

నెలన్నరకు నీళ్లు తేటపడ్డాయి. ఇరవై బంగారు చేపలు అందులో బద్ధకంగా తిరుగుతుంటే గది చల్లబడినట్టు ఉండేది. ఒకసారి మూత తీసి చూపించాడు. బాబిన్ల మీద, ఇటుకల మీద గోధుమరంగు జిగురు పేరుకుని ఉంది. నేను ముఖం చిట్లించాను. "ఇది అళుక్కు కాదప్పా. ఈ జిగురే నీళ్లను కాపాడేది. ఎవురూ తాకరాదు," అన్నాడు. మురికిని మురికి కాదంటున్నాడని నేను అక్కతో చెప్పి నవ్వాను.

ఆ తొట్టి సంగతి మావాళ్లలోనే ఒక బట్టల షోరూము ముదలాళి, అంటే యజమాని, చెవిన పడింది. ఆయన తన షోరూములో గోడ పొడవునా చేపల తొట్టి పెట్టించాలనుకుంటున్నాడు. తక్కువ ఖర్చుతో నీళ్లు ఇంత తేటగా ఉంటే ఆ పని బావకే ఇచ్చి, దాన్ని చూసుకునే ఉద్యోగంలో పెట్టుకుంటానని కబురు చేశాడు. ఆయుధపూజ దాటిన శుక్రవారం వచ్చి చూస్తానన్నాడు. బావ తలనీలాలు మొక్కుకుని పళని వెళ్లాడు. మళ్లీ ఒక పని దొరుకుతుందని ఆ ఇంట్లో అందరం నమ్మింది ఆ వారమే.

ఆయన ఊళ్లో లేనప్పుడే ఆయుధపూజ వచ్చింది. మిల్లులో ఆ పూజంటే చిన్న సంగతి కాదు. ఒక్క నూలుపోగు కనబడకుండా మిషన్లన్నీ తుడిచి, బాబిన్లు కడిగి, గంధం కుంకుమ పెట్టాలి. పొద్దున మిల్లులో ఆ పని చేసి ఇంటికి వచ్చాను. బావకు ఇప్పుడు పనిముట్టు ఏది అంటే ఆ బక్కెట్టే కదా అనిపించింది. ముదలాళి మూత తీసి చూస్తే ఆ జిగురు ఎంత అవమానం! మోటారు ఆపి, బాబిన్లూ ఇటుకలూ పెరట్లో కుమ్మరించి, బ్లీచింగ్ పౌడరు నీళ్లలో నానబెట్టి, కొబ్బరి పీచుతో తోమాను. వాసన పోయేదాకా నాలుగైదు సార్లు జాడించి మిద్దె మీద ఎండబెట్టాను. బాబిన్లు మల్లెపూల మాదిరి తెల్లబడ్డాయి, ఇటుకలు ఎర్రగా తేలాయి. బక్కెట్టుకు గంధం పూసి, మూతకు పెద్ద కుంకుమబొట్టు పెట్టి యథాస్థానంలో ఉంచాను. అక్క చూసి మురిసింది. లోపలిదంతా కడిగానని ఆమెకు తెలియదు, పూజ చేశాననే అనుకుంది.

మూడో నాటికి నీళ్లు మసకబారాయి. నాలుగో నాటికి చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిచాయి. పళని నుంచి గుండుతో తిరిగొచ్చిన బావ బోరింగు దగ్గర నుంచి బిందెల కొద్దీ నీళ్లు మోస్తూ, మధ్యలో ఆగి, "మూత తీసినావా అప్పా?" అని అడిగాడు.

"లేదు బావా."

మళ్లీ బోరింగుకు వెళ్లాడు. ఆయన మూత తీస్తే తెల్లటి బాబిన్లు కనబడతాయి. తిరిగొచ్చేలోగా బక్కెట్టు తీసుకెళ్లి వీధి చివరి కాలవలో కుమ్మరించాను. అందులో ఏదో విషం దిగింది, పారేశాను అని చెప్పాను. మంచిపని చేసినావు అన్నాడు బావ.

శుక్రవారం ముదలాళి వచ్చేసరికి చేపలన్నీ చచ్చి తొట్టి ఖాళీ. "చేపలెక్కడప్పా?" అన్నాడు. బావ నోరు తెరిచేలోపు నేనే అందుకున్నాను. "బాబిన్లో మిల్లు ఆయిలు ఉండింది ముదలాళీ. ఇటుకలో ఏమి ఉండెనో. వద్దని చెప్పినాను, బావ వినలేదు."

బావ నా వంక చూశాడు. కోపంగా కాదు, పరీక్షలో తప్పిన లెక్కను మళ్లీ చూసుకునేవాడిలా. ముదలాళి కాఫీ తాగి, "సరి, విడుప్పా, పోనీ," అని లేచాడు. ఆయన గడప దాటగానే అక్క గొంతు లేచింది. "ఇటుకరాళ్లను నమ్ముకున్నారే! మాకు చేసిపెట్టేది ఇదేనా?" ఆ తర్వాత ఏ కష్టం వచ్చినా ఆ ఇటుకల మాట వచ్చేది. బావ అక్కనూ బిడ్డలనూ తీసుకుని తేని అనే ఊరికి, యాలకుల గోదాముకు కాపలాదారుగా వెళ్లాడు. చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. మళ్లీ ఏ చేపనూ పెంచలేదు. నేను ఏడాదికి రెండుసార్లు వెళ్లి, ఆయన పక్కన కూర్చుని అన్నం తిని వచ్చేవాణ్ణి.

పోయిన వారం తేని వెళ్లాను. అక్క వరండాలో చాట పెట్టుకుని యాలకుల తొడిమలు గిల్లుతోంది. అంతా చెప్పాను. గిల్లడం ఆపలేదు. "అట్లయితే నేను ఆయన్ను అన్నవన్నీ?" అంది.

నేను చాట అంచున రాలిన తొడిమలు ఏరసాగాను.

"పండగపండగకూ అన్నానే రా. బిడ్డల ముందర అన్నాను. ఒక్కనాడూ ఎదురు చెప్పలేదే మనిషి."

అప్పుడు ఆగాయి ఆమె వేళ్లు. ఏళ్లు గడిచేకొద్దీ ఏ తప్పైనా పాతబడుతుందని నేను అనుకుంటూ వచ్చాను. అక్కకు అది ఆ రోజే మొదలైంది.