కూర్చోమనని వాకిలి

యిర్దావ్ వాకిట్లో ముగ్గురు పెద్దమనుషులు నిలబడి ఉన్నారు. గొజ్జాం కొండల్లో పిల్లనడగడానికి వచ్చినవాళ్లు ఇంటాయన మాట ఇచ్చేదాకా కూర్చోరు. కూర్చుని రొట్టె తుంచారంటే మాట అయిపోయినట్టే. ఆ తర్వాత కొత్త మెలిక పెట్టకూడదు.

అడుగుతున్నది చిన్నకూతురు జెబిదెర్‌ని. అవతలి గట్టు రైతు కొడుక్కి. పిల్లకీ ఇష్టమే. పొద్దున్నే లేచి చుట్టాల మర్యాదకి ఇల్లంతా పచ్చగడ్డి పరిచింది, పెద్ద రొట్టె కాల్చింది.

యిర్దావ్ రాళ్లు కొట్టే మనిషి. ఏడేళ్ల కిందట ఇదే వాకిట్లోకి పెద్దకూతురు ఎనాను కోసం వచ్చారు. కుర్రాడు హెచ్.ఐ.వి. పరీక్ష కాగితం తెచ్చాడు. లేదని రాసుంది. రొట్టె తుంచారు. ఆ తర్వాత కుర్రాడు నువ్వుల కోతలకని పల్లపు సీమకి పోయి, నాలుగు నెలలకి తిరిగొచ్చి మేళతాళాల మధ్య పెళ్లి చేసుకున్నాడు. పెళ్లికి ముందు మళ్లీ ఒకసారి రక్తం పరీక్ష చేయించమనే మాట యిర్దావ్ నోటిదాకా వచ్చింది. రొట్టె తుంచాక అడిగితే పెద్దల ముఖాన ఉమ్మినట్టే. అడగలేదు. కడుపుతో ఉన్నప్పుడు ఆరోగ్య కేంద్రంలో ఎనానుకి ఉందని చెప్పారు. అల్లుడు మరుసటి ఏడాది కోతలకి పోయి మరి రాలేదు. ఎనాను పుట్టింట్లోనే ఉంటోంది. రోజూ మాత్ర వేసుకుంటుంది. బిడ్డకి సోకలేదు.

ఈ కుర్రాడూ మొన్ననే కోతల నుంచి వచ్చాడు. అందుకే యిర్దావ్ కూర్చోమనలేదు. ఇద్దరికీ ఒకే రోజు పరీక్ష చేయిద్దాం, పెళ్లికి వారం ముందు ఇంకోసారి చేయిద్దాం, అప్పుడే మాట అన్నాడు.

ముగ్గురిలో పెద్దాయన దెమెలాష్ కర్ర మీద గడ్డం ఆనించాడు. "ఎద్దుని కొనేటప్పుడు పళ్లు చూస్తారు యిర్దావ్. మేం ఎద్దుని తోలుకురాలేదు."

"పళ్లలో కనపడేదైతే నేనే చూసేవాణ్ణి పెద్దాయనా."

"ఇంట్లో మాత్రలు పెట్టుకుని మమ్మల్ని కాగితం అడుగుతావా?"

"ఇంట్లో ఉన్నాయి కాబట్టే అడుగుతున్నా."

వాళ్లు దుప్పట్లు భుజాన సర్దుకుని, దిగి వెళ్లిపోయారు. వెనక్కి చూడలేదు.

లోపల కాఫీ కాగిపోయింది. జెబిదెర్ గోడవైపు తిరిగి కూర్చుంది.

"కూర్చోమంటే ఏం పోయేది నాన్నా? పెళ్లయ్యాక అతన్ని నేనే అడిగి చేయించేదాన్ని."

యిర్దావ్ చెవుల్లో ఎప్పుడూ ఉండే సుత్తి చప్పుడే ఉంది.

"నేనూ అలాగే అనుకున్నానే" అంది ఎనాను. చుట్టాల కోసం పెట్టిన గిన్నెల్లోనే కాఫీ పోసి ఇద్దరి ముందూ పెట్టింది.

నాలుగో రోజు కబురు తెలిసింది. ఆ పెద్దలు నది అవతల ఇంకో ఇంట్లో కూర్చున్నారట. ఆ ఇంటాయన ఏ కాగితమూ అడగలేదట. జెబిదెర్ విని, గడ్డి ఊడ్చి బయట పారేసింది.

రొట్టె అప్పటికి గట్టిపడిపోయింది. యిర్దావ్ దాన్ని నాలుగు ముక్కలు చేసి, మూట కట్టుకుని రాళ్ల దగ్గరికి పోయాడు. మధ్యాహ్నం నీళ్లలో ముంచుకుని తిన్నాడు.