ఆస్ట్రేలియా పేరు చెప్పుకున్న కెప్టెన్

మా కోరుట్ల క్రికెట్ టీం కెప్టెన్‌ను నేను ఇప్పటికీ క్షమించలేదు. మ్యాచ్‌కు ముందు మమ్మల్ని చుట్టూ నిలబెట్టుకొని, బబుల్‌గమ్ నములుతూ, "ఆస్ట్రేలియోళ్లను సూడుండ్రి. టీం గెల్వాలె అంటరు గని, నా సెంచరీ గావాలె అని ఒక్కడన్న ఆడుతడా?" అనేవాడు. వాళ్ల దగ్గర అతను నేర్చుకున్నది ఆ నమలడం ఒక్కటే.

జగిత్యాలలో ఫైనల్ చూడడానికి దుబాయ్ కంపెనీ మేనేజర్ ఒకాయన వచ్చాడు. ఆ రోజు ఎక్కువ పరుగులు చేసినవాడికి తమ కంపెనీలో ఉద్యోగం, వీసా ఇస్తానన్నాడు. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, మూతపడి, కోరుట్లలో అత్తగారింట్లో తలదాచుకుంటూ మా టీంలో ఆడుతున్న నేతన్న అందరికంటే బాగా ఆడుతున్నాడు. అవతలి ఎండ్‌లో మా కెప్టెన్ బ్యాటింగ్‌లో ఉన్నాడు. "ఉరుకు అన్నా" అని పరుగుకు పిలిచి, నేతన్న సగం దూరం వచ్చాక తాను వెనక్కి తిరిగి క్రీజులోకి వెళ్లిపోయాడు. నేతన్న రనౌటయ్యాడు. ఆ తర్వాత కెప్టెన్ గెలుపు సంగతి వదిలేసి, ఒక్కో పరుగు తీస్తూ తన యాభై పూర్తి చేసుకున్నాడు. మేం ఓడిపోయాం. వీసా అతనికే దొరికింది.

అతను వెళ్లిన రోజు నేతన్న తప్ప మాలో ఎవరూ బస్టాండుకు పోలేదు.

"వానికాడికి ఎందుకు పోయినవ్ అన్నా?" అని మండిపడ్డాను.

నేతన్న తల దించుకున్నాడు. "ఆడ నాక్కూడ ఏదన్న పని సూడుమని అడుగుదామని పోయిన తమ్మీ. ఫోన్ జేస్త అన్నడు."

ఏడాది పాటు ఆ ఫోన్ కోసం చూసి, నేతన్న భివండిలో సాంచాలు నడపడానికి వెళ్లిపోయాడు.