సూర్యావతి కూతురు రాసిన వలస కథ

మా పక్కింటి సూర్యావతి కువైట్‌లో ఏళ్ల తరబడి వంటమనిషిగా పనిచేసి, పోయినేడు వచ్చేసింది. ఎవరికీ జంకే మనిషి కాదు. కొబ్బరికాయలు దింపేవాడు లేతకాయ దింపాడంటే, చెట్టు దిగకముందే వాణ్ణి దులిపేస్తుంది. అలాంటిది పిల్లల కథల పోటీ అనగానే బిక్కచచ్చిపోయింది.

పోటీ పెట్టింది మా అంబాజీపేట లైబ్రరీ వాళ్లు. విషయం వలస. ఇంకేముంది, వీధిలో పిల్లలంతా పెన్నులు పట్టుకుని సూర్యావతి గుమ్మంలో వాలారు.

"అక్కడ మిమ్మల్ని బాగా ఏడిపించేరాండీ?" అని అడగడం. ఏడుపుంటేనే ప్రైజని వీళ్లకెవరు నూరిపోశారో గానీ నాకు ఒళ్లు మండింది. సూర్యావతి మాత్రం, "ఆయ్, మా మేడమ్ గారికి గుత్తొంకాయ నేర్పితే అందులో ఖర్జూరం కూరేరండి" అని నవ్వించి పంపేసింది.

ఆమె గుబులంతా కూతురు ప్రసన్న గురించే. పిల్లకి మాటలు సరిగ్గా రాకముందే వదిలి వెళ్లింది. అమ్మమ్మ వీరాయమ్మే పెంచింది. ఇప్పుడు ఏడో తరగతి. కథ రాసింది కానీ తల్లికి చూపించలేదు.

"వదినా, మా అమ్మ నన్నొదిలేసి పోయిందని అందరిలో చదివేస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అంది సూర్యావతి నా కుట్టుమిషను దగ్గర కూలబడి.

"నువ్వెళ్లింది ఎవరి కోసం? అది తెలీనంత పిల్లా?" అని కసిరాను. కసిరానే గాని నాకూ లోపల పీకుతూనే ఉంది.

పోటీ రోజు లైబ్రరీలో సూర్యావతి వెనక బెంచీలో నా చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది. చదివిన పిల్లలందరివీ ఒకటే కథలు. ఎడారి, ఒంటె, కన్నీళ్లు. వాళ్లలో ఒంటెని చూసినవాడు ఒక్కడూ లేడు. తర్వాత ప్రసన్న లేచింది. సూర్యావతి తల దించేసుకుంది.

"మా అమ్మ కువైట్ నుంచి మా ఇంటికి వలస వచ్చింది" అని మొదలుపెట్టింది పిల్ల. "కొత్త చోటు కదా, ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో తెలీదు. నేను ఏ కూర తిననో తెలీదు. ఎదురుగా కూర్చుంటే ఇద్దరికీ మాటలొచ్చేవి కావు. అందుకని వంటింట్లోంచి, గదిలో ఉన్న నాకు వీడియో కాల్ చేసి, అన్నం తిన్నావా అని అడిగేది. నాకూ ఫోన్లో అమ్మే అలవాటు. తిన్నానని చెప్పి పెట్టేసేదాన్ని."

జనం పొట్ట పట్టుకుని నవ్వారు. పోటీ నడిపే జోజి మాస్టారు, "నెమ్మదండీ, పిల్లని చదవనివ్వండి" అన్నారు.

"ఓ రోజు కాల్ వస్తే ఎత్తలేదు. లేచి వంటింట్లోకి వెళ్లాను. అమ్మ ఫోన్లో నా కోసమే చూస్తోంది. వెనక నుంచుని, తినలేదమ్మా, కలిపి పెట్టు అన్నాను."

అంతే, చదవడం అయిపోయింది.

మొదటి ప్రైజు ఒంటె కథకే ఇచ్చారు. నేను మాస్టారితో తగాదాకి లేవబోతే సూర్యావతి కొంగు పట్టి కూర్చోబెట్టింది.

"పోన్లే వదినా. నేను వెళ్లింది రాయలేదు. వచ్చిందే రాసింది" అని అందరి ముందూ భోరుమంది. నేనేం తక్కువ తిన్నానా, నేనూ ఏడ్చాను.