ఎండు రొయ్యల టెస్ట్

మా సుధ ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరో కష్టపడి రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతికిపెట్టడం. ఆ పని ఆఫీసులో ఎనిమిది గంటలు చేసి, ఇంటికొచ్చాక మిగతా లోకం మీద చేస్తుంది. పుచ్చకాయ కొనాలంటే పదిహేను కాయలు తట్టి చూసి, చివరికి మొదటి కాయే తెస్తుంది. పక్కన నిలబడలేక నాకు కాళ్ళు పీకుతాయి. అయినా పిలిస్తే మానను. సుధతో బజారుకెళ్తే పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకోవచ్చు.

2012లో సుధ, ఆమె మొగుడు గోపాల్ వానలకు పేరుపడ్డ బాతెల్‌లో ఇల్లు కట్టించుకున్నారు. సుధది భీమవరం వైపు. ఎండు రొయ్యలు లేకపోతే ఆమెకు వారం గడవదు. అంతకు పదకొండేళ్ళ ముందు, జెర్సీ సిటీ అపార్ట్‌మెంట్‌లో రొయ్యలు వేయిస్తుంటే, ఏదో చచ్చి కుళ్ళిందని పక్కింటివాళ్ళు ఫోన్ చేశారు. మేనేజర్ వచ్చి, మూకుట్లోకి తొంగిచూసి, ముక్కు మూసుకుని వెళ్ళాడు. సుధ సిగ్గుతో చచ్చిపోయింది. అప్పట్నుంచీ ఏ ఊళ్ళో ఉన్నా రెయిన్‌కోటు తగిలించుకుని, బాల్కనీలో కరెంటు పొయ్యి మీదే రొయ్యలు వేయిస్తుంది. సొంత వంటింట్లో, తలుపులు మూసుకుని, దొరసానిలా వేయించుకోవాలి. కొత్తింటి మీద ఆమెకున్న కోరికల్లా ఇదొక్కటే.

కానీ కొత్తిళ్ళలో వేడి బయటికి పోకుండా సందులన్నీ బిగించేస్తారు. లోపలి వాసన లోపలే ఉండిపోతుంది. అందుకని కాంట్రాక్టర్ దగ్గర పనిచేసే నీరజ్, ఇక్కడే పుట్టిపెరిగిన మన తెలుగు కుర్రాడు, హీట్ రికవరీ వెంటిలేటర్ పెట్టుకోమన్నాడు. వంటింటి గాలిని బయటికి లాగేసి, బయటి చల్లగాలిని గదుల్లోకి తెస్తుందట. రెండు గాలులూ కలవవు, పోయే గాలి తన వేడిని మాత్రం వచ్చే గాలికి ఇచ్చిపోతుంది. తేమను కూడా బయటికి పోనివ్వకుండా ఆపే మెషిన్ ఇంకోటి చూపించాడు.

"తేమని ఆపేది వాసనని ఆపదా?" అంది సుధ.

"కొంచెం... మేబీ, ఆంటీ."

"తీసెయ్ దాన్ని. బాతెల్‌లో తేమకేం కరువు?"

గోపాల్ కరీంనగర్ మనిషి. మెషిన్ పెట్టే చోటు మీద అతనికి ముందునుంచీ కన్నుంది, హోమ్ థియేటర్ కోసం. "కిటికీ తెరిస్తే పొయ్యేదానికి మిషనెందుకే?" అన్నాడు.

"జనవరిలో తెరువు. చూద్దాం!"

గోపాల్ ముక్కు సంగతి మా అందరికీ తెలుసు. పార్కింగ్‌లో కారు దిగుతూనే ఏ ఫ్లాట్‌లో ఏం కూరో చెప్పేస్తాడు. ఆ ముక్కు ధైర్యంతోనే పందెం కట్టాడు: "ఆ మిషనున్న మోడల్ హోమ్‌ల నువ్వు కింద వండు. నేను పైన బెడ్రూంల కూసుంట. వాసనొస్తే మిషనూ లేదు, కొత్తింట్ల రొయ్యలూ లేవు."

శుక్రవారం కొత్తింటి గోడల చట్రాలకు పలకలు బిగించి మూసేస్తారు. తర్వాత గొట్టాలు వేయడం కుదరదు. బుధవారం మధ్యాహ్నం మూకుడు, నూనె, రొయ్యల డబ్బా పట్టుకుని సుధ, కొనేవాళ్ళకు చూపించడానికి కాంట్రాక్టర్ కట్టి ఉంచిన మోడల్ హోమ్‌లో దిగింది. గోపాల్ పై బెడ్రూంలోకెళ్ళి కూర్చున్నాడు. సాక్షిని నేను.

"ఆంటీ, నా బాస్ నన్ను కిల్ చేస్తాడు!" అన్నాడు నీరజ్.

"వాసన రాదని నువ్వే కదా చెప్పావు?"

"చెప్పాను, బట్..."

"మరి భయమెందుకు నాన్నా?"

ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, ఆ మీదట గుప్పెళ్ళకొద్దీ రొయ్యలు. చాలదన్నట్టు ఎండుమిర్చి కూడా తుంచి వేసింది. "ఇది వర్స్ట్ కేస్ రేణూ," అంది నాతో. వంటిల్లు ఘాటెక్కిపోయింది. నీరజ్ కళ్ళు తుడుచుకుంటూ కిటికీ వైపు నడిస్తే గరిటె చూపించి ఆపింది. నేను నవ్వలేక, దగ్గలేక చచ్చాను. సుధ మాత్రం నవ్వలేదు. కళ్ళు మెట్ల వైపే ఉన్నాయి. పాపం, పిచ్చిది, పరీక్ష రాసిన పిల్లలా ఉంది. నాకు మొదటిసారి భయమేసింది.

పావుగంటయింది. ఇరవై నిమిషాలయింది. పైనుంచి చప్పుడు లేదు. అప్పుడు సుధ ఫోన్ మోగింది. గోపాల్. చేతులకు నూనె ఉందని స్పీకర్ నొక్కమంది నన్ను.

"ఏందే, ఇంకా వంట షురూ చెయ్యలేదా?" కసురుకున్నాడు. "అర్ధగంటాయె కూసోని. నాకు ఆకలైతుంది!"

నీరజ్ రెండు చేతులూ పైకెత్తి గెంతాడు. నేను కేక పెట్టాను. సుధ గరిటెతో సహా నేలమీద చతికిలబడింది. పడీపడీ నవ్వుతూ, నవ్వుతూనే ఏడ్చేసింది.

"ఆంటీ, ఆర్ యూ ఓకే?"

"పెట్టించెయ్ రా నీరజ్. శుక్రవారంలోగా పెట్టించెయ్," అంది. తర్వాత ఫోన్ వైపు వంగింది.

"వంటయిపోయింది గోపాల్, దిగి రా. తలుపులన్నీ మూసుకునే చేశాను."