ఎర్ర చుక్క చెరగకుండా

మా ఊళ్ళో చేపలు ఎండబెట్టడానికి కట్టిన సిమెంటు గచ్చు ఆదివారం మధ్యాహ్నాలు ఖాళీగా ఉంటుంది. దాని మీద పాత వల తాళ్ళు మెలికలు తిప్పి పరిచి, రిమోటు కార్ల పందేలు ఆడుకుంటాం. ఆడేవాళ్ళలో సగం మందికి మనవలున్నారు. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. కారు తోలుతాను, పందానికి ముందు అందరి కార్లూ తనిఖీ కూడా చేస్తాను. రెండు పనులూ ఒక్కరే చేయడం ఏం న్యాయమని మొదట్లో గొణిగారు. కాటా మీద నా కారునే అందరికన్నా ముందు తూస్తాను కనుక ఆ గొణుగుడు ఎక్కువ కాలం నిలవలేదు.

మాది ఒకే రకం కార్ల పందెం. అందరికీ ఒకే కారు, ఒకే బ్యాటరీ, ఒకే మోటారు. మోటార్లన్నీ శ్రీకాకుళం కొరియర్ ఆఫీసుకు ఒకే పెట్టెలో వస్తాయి. తెచ్చి, చీటీలు వేసి పంచుతాను. పంచేముందు ప్రతి మోటారు మూత అతుకు మీద ఎర్ర గోళ్ళరంగుతో ఒక చుక్క పెడతాను. మూత తెరిచి లోపల తీగ మార్చినా, అయస్కాంతం మార్చినా చుక్క పగులుతుంది. చుక్క పగిలిన కారు ఇంటికి పోవాలి.

అంత మాత్రాన మనుషులు ఊరుకుంటారా? మొదటి ఏడాది ఒకాయన మూత తీయకుండానే మోటారును గిన్నెడు నీళ్ళలో ముంచి తిప్పాడు. లోపలి కార్బన్ బ్రష్షులు నున్నగా అరిగి కుదురుకున్నాయి, కారు గాలిలో తేలినట్టు పోయింది. 'నీళ్ళలో ముంచరాదు' అని రాశాను. మరుసటి నెల కిరసనాయిల్లో ముంచాడు. 'దేనిలోనూ ముంచరాదు' అని దిద్దాను. ఇలా ఒక్కో వాక్యం చేరి, ఒక్క పేజీ రూల్సు వెనక పేజీకి కూడా పాకాయి.

ఏడాది చివరి పందెం గెలిచినవాళ్ళే వచ్చే ఏడాది రూల్సు రాయాలన్నది మా ఆచారం. ప్రతి ఏడూ ఆ కలం నాకే దక్కింది. అది మా బావకు ఒళ్ళుమంట. బావంటే మా మేనమామ కొడుకు, చేపల వ్యాపారి. చిన్నప్పుడు పెద్దవాళ్ళు మా ఇద్దరికీ ముడిపెట్టాలనుకున్నారట. ఇద్దరమూ బతికిపోయాం.

"ఈయేడు నేను గెలుస్తాను సూడు. ఆ మోటారు రూలు ముందు కొట్టేస్తాను. ఎవుడికి నచ్చిన మోటారు ఆడు ఎట్టుకుంటాడు," అని ఆ ఏడాదంతా ఊదరగొట్టాడు.

నా గుండెల్లో రాయి పడింది. ఎవరికి నచ్చిన మోటారు వాళ్ళు పెట్టుకుంటే కార్లు తూటాల్లా పోతాయి. నా కళ్ళూ వేళ్ళూ ఆ వేగాన్ని అందుకోలేవు. ఇక గట్టు మీద కూర్చుని చప్పట్లు కొట్టడమే నా పని అవుతుంది.

కార్తీకం ఆఖరి ఆదివారం ఆ ఏడాది చివరి పందెం. జెండా ఊపడానికి కొత్తవలస నుంచి ఒక రిటైర్డ్ రైల్వే గార్డు వస్తారు. ఆయన జెండా, ఆయన ఈలే మాకు చట్టం. నేను వరసగా మోటార్లు ముట్టుకుంటూ చుక్కలు చూస్తున్నాను. బావ మోటారు మీద వేలు పెట్టేసరికి ఝల్లుమంది. ఐసుముక్క! మోటారు ఒంటినిండా చెమట.

"ఏటి బావా ఇది?"

"ఏటే, అలా సూస్తన్నావు? సుక్క పగిలిందేటి?"

"పగల్లేదు."

"నేను ముంచలేదు. కవర్లో ఐసేసి దాని మీద ఆనించాను, అంతే. సల్లగుండకూడదని నీ రూల్లో ఎక్కడైనా ఉన్నాదా?"

వేడెక్కితే మోటారు బలం తగ్గుతుంది, చల్లగా ఉంటే లాగి పారేస్తుంది. ఈ సంగతి నాకు తెలియక కాదు. రాయాలని తోచలేదు. రెండు పేజీలూ మనసులోనే తిరగేశాను. ఎక్కడా లేదు.

"లేదు. చెల్లుతుంది," అన్నాను, పళ్ళ బిగువున.

"అద్దీ! నా మరదలు నాయం తప్పదు!" అని లుంగీ ఎగ్గట్టాడు.

గార్డు గారు ఈల వేశారు. బావ కారు మొదటి మలుపులోనే మా అందరినీ వెనక పడేసింది. నేను రెండో స్థానంలో చెమటలు కక్కుతూ తోలుతున్నాను. కలం పోయిందనే అనుకున్నాను.

గచ్చు పక్కన ఎప్పుడూ ఒక పసుపురంగు కుక్క పడుకుని ఉంటుంది. మా కార్ల వైపు ఏనాడూ కన్నెత్తి చూసింది కాదు. ఆవేళ బావ కారు ముందునుంచి పోగానే ముక్కు లేపింది. రెండోసారి పోగానే లేచి నిలబడింది. మూడోసారి ఒక్క దూకు దూకి, కారును నోట కరుచుకుని పడవల వైపు పరుగు తీసింది.

అప్పుడు అర్థమైంది. బావ ఐసు వేసుకొచ్చిన కవరు పొద్దున నెత్తళ్ళ చేపలు అమ్మిన కవరు! ఆ నీళ్ళు కారు నిండా కారాయి. పుట్టినప్పటి నుంచీ చేపల వాసనలోనే ఉన్నవాళ్ళం, ఇంతమందిలో ఒక్క ముక్కు కూడా పసిగట్టలేదు. నేను మోటారు ముట్టుకుని కూడా పసిగట్టలేదు.

"ఒసే, వదలవే! వదులు!" అని బావ లుంగీతో ఇసకలో పరుగు. చేతిలో రిమోటు గట్టిగా నొక్కేస్తున్నాడు, కుక్క నోట్లో చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి. ఆ చక్కిలిగింతకి తట్టుకోలేక అది కారు కక్కేసి తుమ్మింది. ఈలోగా నేను ముందుకెళ్ళి గీత దాటేశాను. గార్డు గారు నా వైపు జెండా ఊపారు. అందరూ నవ్వి నవ్వి గచ్చు మీద కూలబడ్డారు.

గెలిచాను. కానీ రెండో పేజీ అడుగున ఒక వాక్యం ఉంది: 'జంతువు కారును తాకితే పందెం మళ్ళీ ఆడాలి.' ఒకప్పుడు మేక నా కారును తన్నినప్పుడు నా కోసం నేనే రాసుకున్నది. ఆ క్షణాన అది నాకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

"గార్డు గారూ, మళ్ళీ ఆడాలండీ," అన్నాను.

"ఏటమ్మా, గెలిసినోరే మళ్ళీ అంటారేటి?"

"రూలు అలా ఉంది."

మళ్ళీ వరసలో నిలబడ్డాం. బావ మోటారు చల్లదనం ఎప్పుడో పోయింది. ఇప్పుడు అందరివీ సమానమే. చివరి మలుపు దాకా నేనే ముందున్నాను. సరిగ్గా అక్కడ, గట్టు మీద కూర్చున్న కుక్క మళ్ళీ తుమ్మింది. నాకు నవ్వు తన్నుకొచ్చింది. చెయ్యి ఊగిపోయి కారు తాడుకు తగులుకుంది. బావ గీత దాటేశాడు. నేను ఓడిపోయి కూడా కడుపు పట్టుకుని నవ్వుతూనే ఉన్నాను.

వారం తిరగకుండా బావ కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చాడు. మోకాళ్ళకు వేడినీళ్ళ సంచితో కాపడం పెట్టుకుంటూ మంచం మీద కూర్చుని చదివాను. మొదటి వాక్యం: 'మోటారు మూత తెరవరాదు. ఎర్ర చుక్క మరదలే పెట్టాలి.'

"అదేటి? కొట్టేస్తానన్నావు కదా?"

"కొట్టేద్దామనే కూకున్నానే. కొట్టేసి సూస్తే ఆట్లో ఏటీ మిగల్లేదు. మూత తెరిసీయొచ్చంటే ఇంక ఐసెందుకు, కవరెందుకు? డబ్బున్నోడు పెద్ద మోటారు కొనీసి పోతాడు. రూలు లేకపోతే నేను దేన్ని తప్పించుకోవాలి?"

నా గుండెల మీది రాయి దిగిపోయింది. మిగతావి చదివాను. చివర 'మోటారును ఐసుతో గాని, మరి దేనితో గాని చల్లబరచరాదు' అని గట్టిగా గీత గీసి మరీ రాశాడు. బ్యాటరీ ఊసు ఎక్కడా లేదు. బ్యాటరీ గోరువెచ్చగా ఉంటే కారుకు ఎంత ఊపు వస్తుందో బావకు తెలియదు.

"ఎలగున్నాది?" అన్నాడు.

"బాగుంది బావా. ఒక్క అక్షరం కూడా మార్చకు," అని, మోకాలి మీది వేడినీళ్ళ సంచిని మెల్లగా దిండు కిందకి తోశాను.