మెట్టు దిగినా పిలవని బడి

కోరుట్ల బజారులో స్టీలు సామాన్ల దుకాణంలో పెరిగినవాణ్ణి. బేరం కుదరకపోతే మెట్టు దిగాలి. నాలుగడుగులు వేసేలోపు దుకాణదారు వెనక్కి పిలుస్తాడు. ఇది మా బజారులో పసిపిల్లలకూ తెలుసు. సిరిసిల్లకు పెళ్లిచూపులకు వెళ్లినప్పుడు కూడా టీ బాగోలేదని లేవబోయానని నా భార్య ఇప్పటికీ అందరికీ చెబుతుంది. అది సగం అబద్ధం. టీ బాగానే ఉంది.

అంత నేర్పుతో ఒకసారి జిల్లా పరిషత్ హైస్కూలుకు బేరానికి వెళ్లాను.

కారణం మా అమ్మాయి. ఏడో తరగతి దాకా ప్రైవేటు బడిలో చదివింది. జగిత్యాలలో జిల్లా లెక్కల పోటీకి వెళ్లి మా ఊరి సర్కారు బడి పిల్లల చేతిలో ఓడిపోయి వచ్చింది. ఏడవలేదు. చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది.

"బాపూ, వాళ్లకు చెప్పే సారు దగ్గర్నే నేను సదువుత. ఎనిమిదిల నన్ను గా బడిల ఎయ్యి."

"ఫీజు లేని బడి బిడ్డా. బజారంత నన్ను పిసినారి అంటది."

"ఇప్పుడంటలేరా?"

బడులు తెరవగానే ఇద్దరం వెళ్లాం. హెడ్మాస్టర్ మేడం కుర్చీ చూపించింది. నేను నా షరతులు పరిచాను. "మా బిడ్డను ఏస్తం మేడం. కని ముందు బెంచి గావాలె. లెక్కల సారు పదో తరగతి దాక ఈడ్నే ఉంటడని మాటియ్యాలె."

"బెంచి ఇస్త. సారు ముచ్చట నా చేతుల లేదు. బడిల పిల్లలు తగ్గితే సర్దుబాటని సారును మల్లాపూర్ దిక్కు పంపుతరు. పోయినేడు సైన్సు టీచర్‌ను గట్లనే తీస్కపోయిండ్రు."

"అయితే ఆలోచించుకుంటం" అని లేచాను. మెట్టు దిగాను. మా అమ్మాయి కదల్లేదు. మైదానం సగం దాటాక చెప్పు పట్టీ సర్దుకుంటున్నట్టు వంగాను. మధ్యాహ్న భోజనం గిన్నెల చప్పుడు తప్ప వెనక నుంచి ఏ పిలుపూ రాలేదు. గేటు దగ్గరికి వచ్చాక బుర్ర వెలిగింది. అమ్మేవాళ్లే వెనక్కి పిలుస్తారు. ఆమె ఏమీ అమ్మడం లేదు.

తిరిగి వెళ్లాను.

"ఏమన్న మర్సిపోయిండ్రా సార్?"

"బిడ్డను" అన్నాను.

మేడం నవ్వు ఆపుకుంది. "బేరం తెల్సినోళ్లు మీరు. నన్నడుగుడు గాదు, బజారుల పిల్లల్ని తోల్కరాండ్రి. మంది నిండితే సారును ఎవ్వరు కదిలియ్యరు."

కస్టమరుగా వెళ్లినవాణ్ణి ఏజెంటునై బయటికొచ్చాను. కమీషన్ అడగడం కూడా మర్చిపోయాను.

మొదట పిండిగిర్ని ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన కొడుకు కూడా ఆ ఏడే ఎనిమిదో తరగతికి వచ్చాడు.

"ఏందన్నా, ఫీజుకు కక్కుర్తి పడి ఇప్పుడు మమ్ముల గూడ గుంజుతున్నవా?"

"కక్కుర్తే అనుకో. కని మా బిడ్డను ఓడగొట్టిన పోరగాళ్లు ఏ ట్యూషన్‌కు పోలే. గా సారు ముందట కూసున్నరు, గంతే. నీ కొడుక్కు లెక్కల ఎన్నచ్చినయ్?"

ఆయన గిర్ని ఆపాడు. "మంది ముందట గదడుగుతవా?"

"అడుగ. రేపు పొద్దుగాల బడికాడికి రా."

అట్లా కిరాణం, టైలరు, గాజుల దుకాణం అన్నీ తిరిగాను. గిన్నెలు అమ్మేటప్పుడు చెప్పే గొప్పల్లో సగం నాకే నమ్మకం ఉండదు. ఈ సరుకు మాత్రం నా కూతుర్ని ఓడించి చూపించిన సరుకు. గొంతు దానంతటదే పెరిగింది. కొందరు వెక్కిరించారు, కొందరు వచ్చారు.

వానల్లో సర్దుబాటు మొదలైందని తెలిసి, దుకాణం నా భార్యకు అప్పగించి బడికి పరుగెత్తాను. మేడం వరండాలోనే ఎదురైంది. "ఉంటుండు సార్. లెక్కల సారు పోతలేడు."

ఎనిమిదో తరగతి గుమ్మం దగ్గరికి వెళ్లి తొంగిచూశాను. మా అమ్మాయి బోర్డు ముందు ఉంది. తను వేసిన లెక్కలో సగం సారు చెరిపేసి, చాక్‌పీసు మళ్లీ చేతికిచ్చాడు. పిండిగిర్ని ఆయన కొడుకు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. నేను చేయి ఊపాను.

"పో బాపూ, క్లాసు నడుస్తంది" అంది, బోర్డు మీది నుంచి చూపు తిప్పకుండానే.